గాలి ఎటు వీచినా గతి తప్పని గణితం

డ్రోన్లు, రోబోలు, విద్యుత్ గ్రిడ్‌లు... ఏది నిలకడగా పనిచేయాలన్నా దాని లెక్కల్లో ఓ రష్యన్ పేరు వినిపిస్తుంది. 1892లో ఆయన రాసిన థీసిస్ ఇంజినీర్ల చేతికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది. కోర్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్నవాళ్లు తెలుసుకోవాల్సిన జీవితం అలెగ్జాండర్ లియాపునోవ్‌ది.

పొలం మీద మందు కొట్టే డ్రోన్‌ను ఎప్పుడైనా గమనించారా? ట్యాంకులో 10 లీటర్ల ద్రావణం పోస్తే ఆ బరువే దాదాపు 10 కిలోలు. చివరి సాలుకు వచ్చేసరికి ట్యాంకు ఖాళీ. అంటే ఎగురుతున్నంతసేపూ దాని బరువు తగ్గిపోతూనే ఉంటుంది. ఏ క్షణంలో ఎంత ఉందో కంట్రోలర్‌కు కచ్చితంగా తెలియదు. దీన్ని అన్‌సర్టెయింటీ అంటారు. ఇది చాలదన్నట్టు ఉన్నట్టుండి ఈదురుగాలి తోస్తుంది. అది ఎక్స్‌టర్నల్ డిస్టర్బెన్స్.

మూడో చిక్కు కూడా ఉంది. ఒకే వైర్‌లెస్ చానల్ మీద పది డ్రోన్లు ఆధారపడ్డాయనుకోండి. అన్నీ సెకనుకు వందసార్లు తమ సమాచారం పంపుతూ కూర్చుంటే చానల్ కిక్కిరిసిపోతుంది. అందుకే ఇంజినీర్లు ఇంకో దారి వెతికారు. గడియారం చూసి కాదు, అవసరం చూసి మాట్లాడాలి. పరిస్థితి అదుపు తప్పబోతున్నప్పుడే కంట్రోలర్‌ను లేపాలి. దీని పేరే ఈవెంట్-ట్రిగర్డ్ కంట్రోల్.

వినడానికి బాగానే ఉంది. కానీ బరువు తెలియదు, గాలి ఎటు నుంచి వస్తుందో తెలియదు, పైగా కంట్రోలర్ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. ఇన్ని తెలియనప్పుడు డ్రోన్ పడిపోదని గ్యారంటీ ఇచ్చేదెలా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పేపర్లలో ఏది తెరిచినా దాదాపుగా ఒకే పేరు ఎదురవుతుంది. ఆయన డ్రోన్ చూడలేదు, కంప్యూటర్ చూడలేదు. 1918లోనే చనిపోయారు.

నక్షత్రాల ఇంట్లో పుట్టి...

అలెగ్జాండర్ మిఖైలోవిచ్ లియాపునోవ్ 1857 జూన్ 6న రష్యాలోని యారోస్లావ్ల్ పట్టణంలో పుట్టారు. తండ్రి మిఖైల్ ఖగోళ శాస్త్రవేత్త. కజాన్ యూనివర్సిటీ అబ్జర్వేటరీలో పనిచేసి, ఆ తర్వాత యారోస్లావ్ల్‌లో ఓ ఉన్నత విద్యాసంస్థకు డైరెక్టరయ్యారు. ముగ్గురు అన్నదమ్ముల్లో అలెగ్జాండర్ పెద్దవాడు. తమ్ముడు సెర్గీ సంగీతకర్తగా, చిన్నతమ్ముడు బోరిస్ భాషాశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నారు.

అలెగ్జాండర్‌కు 11 ఏళ్లు ఉన్నప్పుడు, 1868లో తండ్రి చనిపోయారు. చదువు కొన్నాళ్లు బంధువుల ఇంట్లో సాగింది. చదువు చెప్పిన బంధువు సెచెనోవ్, ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ సెచెనోవ్‌కు సోదరుడు. ఆ ఇంట్లో తనతోపాటు చదువుకున్న అమ్మాయి నటాలియా. 1886లో ఆమెనే పెళ్లి చేసుకున్నారు. 1870లో తల్లి పిల్లల్ని తీసుకుని నిజ్నీ నొవ్‌గొరొద్‌కు మారింది. 1876లో అక్కడ స్కూలు చదువు గోల్డ్ మెడల్‌తో పూర్తయింది.

తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీ. ముందు చేరింది సైన్స్ విభాగంలో. అక్కడ మెండెలీవ్ పాఠాలు చెబుతున్న రోజులవి. పీరియాడిక్ టేబుల్ ఇచ్చిన మెండెలీవే! అయినా నెల తిరిగేసరికి లియాపునోవ్ గణితానికి మారిపోయారు. బ్రాంచి మార్చుకోవాలా వద్దా అని సెకండియర్ దాకా నలిగిపోయేవాళ్లు మనలో చాలామంది. ఆయన నెలలోనే తేల్చేసుకున్నారు.

గణిత విభాగంలో అప్పటి పెద్ద దిక్కు చెబిషెవ్. ఫిల్టర్ డిజైన్ చదివినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. చెబిషెవ్ ఫిల్టర్‌కు ఆ పేరు వచ్చింది ఆయన పాలినామియల్స్ నుంచే. మార్కోవ్ చైన్ల మార్కోవ్ కూడా ఆ కాలంలో అదే యూనివర్సిటీ విద్యార్థి. 1880లో లియాపునోవ్ డిగ్రీ పూర్తయింది. ద్రవాల సమతౌల్యం మీద రాసిన వ్యాసానికి గోల్డ్ మెడల్ దక్కింది.

గురువు ఇచ్చిన మొండి లెక్క

మాస్టర్స్‌కు టాపిక్ కావాలి. 1882లో చెబిషెవ్ ఓ సమస్య ఇచ్చారు. తేలిక లెక్కలు చేసి పేరు తెచ్చుకోవడం ఆయన దృష్టిలో లెక్కలోకే రాదు. కుర్రవాళ్లు గట్టి సమస్య మీదే తమ బలం తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. ఇదే సమస్యను అంతకుముందు జొలొతరెవ్‌కు, సోఫియా కొవలెవ్‌స్కయాకు కూడా ఇచ్చి చూశారు.

సమస్య ఇదీ. అంతరిక్షంలో ఓ పెద్ద ద్రవపు ముద్ద తన చుట్టూ తాను తిరుగుతోంది. నెమ్మదిగా తిరిగితే కొద్దిగా నొక్కిన బంతిలా, అంటే ఎలిప్సాయిడ్‌లా ఉంటుంది. వేగం పెంచుతూ పోతే ఒక దశ దాటాక ఆ ఆకారం నిలవదు. అప్పుడు దానికి దగ్గరగా ఉండే వేరే కొత్త ఆకారంలోకి మారుతుందా? మారితే ఆ ఆకారం ఎలా ఉంటుంది? గ్రహాలు, నక్షత్రాలు ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్న దీనికి ముడిపడి ఉంది.

పాతికేళ్ల లియాపునోవ్ పట్టు పట్టారు. మొదటి ఉజ్జాయింపులో కొత్త ఆకారాలు ఉన్నట్టే కనిపించాయి. కానీ లెక్కను ఆ పైమెట్టుకు తీసుకెళ్లి, నిజంగానే ఉన్నాయని రుజువు చేయడం కుదరలేదు. లెక్క అక్కడే ఆగిపోయింది.

ఇక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. పెద్ద సమస్యను పక్కన పెట్టారు గానీ పారేయలేదు. దాన్ని చేస్తుండగా ఎదురైన ఓ చిన్న ప్రశ్నను పట్టుకున్నారు. తెలిసిన ఎలిప్సాయిడ్ ఆకారాలనే తీసుకుందాం, వాటిని కాస్త కదిలిస్తే మళ్లీ కుదురుకుంటాయా, చెదిరిపోతాయా? ఇదే స్టెబిలిటీ ప్రశ్న. 1884లో మాస్టర్స్ థీసిస్ దీని మీదే రాశారు. గురువు అడిగినదానికి జవాబు కాదది. అయినా పక్కదారిలో దొరికిన ఆ ప్రశ్నే తర్వాత పదేళ్లు ఆయన్ని నడిపించింది.

ఖార్కివ్‌లో కొత్త లెక్చరర్

1885లో ఖార్కివ్ యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. లియాపునోవ్ వయసు 28. మెకానిక్స్ చెప్పాలి. మొదటి రోజు పెద్దాయన డీన్ వెంటబెట్టుకుని క్లాసుకు తీసుకొచ్చారు. చూస్తే విద్యార్థుల ఈడువాడే. కొత్తాయన మీద వాళ్లకు పెద్దగా సదభిప్రాయం లేదు. వణుకుతున్న గొంతుతో పాఠం మొదలుపెట్టారు. టాపిక్ కూడా వాళ్లు వేరే ప్రొఫెసర్ దగ్గర విన్నదే. కానీ ఏ పుస్తకంలోనూ లేని సంగతులు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ రోజు నుంచి ఆయనంటే గౌరవం. ఈ సంగతి తర్వాతి కాలంలో రాసిపెట్టింది ఆ క్లాసులో కూర్చున్న వ్లాదిమిర్ స్తెక్లోవ్. మాస్కోలోని ప్రసిద్ధ గణిత సంస్థకు ఉన్నది ఈ స్తెక్లోవ్ పేరే.

తొలి రెండేళ్లు రీసెర్చ్ దాదాపు ఆగిపోయింది. కోర్సులన్నీ మొదటి నుంచి తయారుచేసుకోవాలి, విద్యార్థులకు నోట్స్ ఇవ్వాలి. కొత్త ఉద్యోగంలో మొదటి రోజులు ఎవరికైనా ఇంతే. 1888 నుంచి స్టెబిలిటీ మీద వరుసగా పేపర్లు రావడం మొదలైంది. 1892లో అసలు పుస్తకం వచ్చింది. పేరు చలన స్థిరత్వపు సాధారణ సమస్య. ప్రచురించింది ఖార్కివ్ గణిత సంఘం. దాన్నే డాక్టరేట్ థీసిస్‌గా మాస్కో యూనివర్సిటీలో సమర్పించారు. పరీక్షించినవారిలో రష్యా విమాన శాస్త్రానికి ఆద్యుడైన జుకోవ్‌స్కీ ఒకరు. అప్పటికి లియాపునోవ్‌కు 35 ఏళ్లు.

దారి తెలియకుండానే గమ్యం చెప్పడం

అంతకుముందు స్టెబిలిటీ ఎవరూ చూడలేదని కాదు. 1868లో మాక్స్‌వెల్ స్టీమ్ ఇంజిన్ గవర్నర్ల మీద పేపర్ రాశారు. 1877లో రౌత్ తన పద్ధతి ఇచ్చారు. గేట్ పరీక్షలో మనం వేసే రౌత్ టేబుల్ అదే. అయితే ఇవన్నీ ఒక సర్దుబాటు మీద నిలబడ్డాయి. ఈక్వేషన్‌లో చిన్న చిన్న పదాలను వదిలేసి, మిగిలిన లీనియర్ భాగంతోనే సరిపెట్టుకోవడం. అలా వదిలేయడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు మోసం? లియాపునోవ్ అడిగిన ప్రశ్న ఇది. లీనియర్ భాగం నిజం చెప్పే సందర్భాలేవో, దాన్ని నమ్మకూడని సందర్భాలేవో రుజువులతో విడదీసి చూపించారు.

ఆ థీసిస్‌లో ఇంకా పెద్ద కానుక రెండో పద్ధతి. లోతైన గిన్నెలో ఓ గోలీ వేయండి. అది ఏ దారిలో, ఎన్ని చుట్లు తిరిగి అడుగుకు చేరుతుందో లెక్కగట్టడం కష్టం. కానీ చివరికి అడుగునే ఆగుతుందని చెప్పడానికి ఆ దారి తెలియాల్సిన పనిలేదు. రాపిడి వల్ల దాని ఎనర్జీ తరిగిపోతూ ఉందని తెలిస్తే చాలు.

లియాపునోవ్ దీన్ని అన్ని సిస్టమ్స్‌కూ విస్తరించారు. నిజమైన ఎనర్జీయే కానక్కర్లేదు. ఎనర్జీ లాంటి ఒక ఫంక్షన్‌ను మనమే ఎంచుకోవచ్చు. గమ్యం దగ్గర అది సున్నా, మిగతా అన్నిచోట్లా పాజిటివ్. కాలంతోపాటు అది తగ్గుతూనే ఉందని చూపించగలిగితే సిస్టమ్ గమ్యానికి చేరుతుంది. ఈక్వేషన్ సాల్వ్ చేయనక్కర్లేదు. ఇప్పుడు దాన్ని లియాపునోవ్ ఫంక్షన్ అంటున్నాం.

సాల్వ్ చేయనక్కర్లేదన్న ఆ ఒక్క వెసులుబాటే అన్‌సర్టెయిన్ సిస్టమ్స్‌కు ప్రాణం పోసింది. ఎందుకంటే సాల్వ్ చేయాలంటే ఈక్వేషన్ పూర్తిగా తెలియాలి. తగ్గుతోందని చూపించడానికి మాత్రం హద్దులు తెలిస్తే చాలు.

చిన్న లెక్క చూద్దాం. డ్రోన్ తన గీత నుంచి ఎంత పక్కకు జరిగిందో అది ఎక్స్ అనుకోండి. దాన్ని వెనక్కి లాగే వేగం ఎక్స్‌కు ఏదో ఒక రెట్టు. ఆ రెట్టు ఎంతో కచ్చితంగా తెలియదు, 1 నుంచి 3 మధ్య ఎక్కడో ఉంది. గాలి దాన్ని ఎటైనా తోయొచ్చు, కానీ ఆ తోపు 0.5 దాటదు. ఇప్పుడు ఎక్స్ స్క్వేర్‌ను మన లియాపునోవ్ ఫంక్షన్‌గా తీసుకుందాం. ఎక్స్ 0.5 కన్నా పెద్దదిగా ఉన్నంతవరకు వెనక్కి లాగేది కనీసం ఎక్స్ అంత, ఎదురు తోసేది మహా అయితే 0.5. లాగుడే గెలుస్తుంది. కాబట్టి ఎక్స్ స్క్వేర్ తగ్గుతూనే ఉంటుంది. డ్రోన్ ఎక్కడ మొదలైనా చివరికి గీతకు అటూ ఇటూ 0.5 పట్టీ దగ్గరికి వచ్చి తీరుతుంది. పట్టీలోకి వచ్చాక మళ్లీ బయటపడదు. రెట్టు ఎంతో తెలియకపోయినా, గాలి ఎటు వీచినా ఈ మాట మారదు.

గాలి ఉన్నప్పుడు సున్నాకే చేరతానని పట్టుబట్టలేం. ఎంత గాలికి ఎంత పట్టీ అని మాత్రం చెప్పగలం. ఈ ఆలోచనకు 1989లో ఎడ్వార్డో సోంటాగ్ ఇన్‌పుట్-టు-స్టేట్ స్టెబిలిటీ అన్న పేరుతో పక్కా రూపం ఇచ్చారు.

ఎప్పుడు లేపాలి?

ఇక ఈవెంట్-ట్రిగర్డ్ కంట్రోల్ సంగతి. 1999లో స్వీడన్‌కు చెందిన కార్ల్ ఆస్ట్రోమ్, బో బెర్న్‌హార్డ్‌సన్ గడియారం పద్ధతిని, ఈవెంట్ పద్ధతిని పక్కపక్కన పెట్టి పోల్చారు. 2007లో పాలో తబువాడా రాసిన పేపర్ ఈ రంగానికి ఊపు తెచ్చింది. అందులోని కిటుకు అచ్చంగా లియాపునోవ్‌దే. కంట్రోలర్ దగ్గర చివరగా అందిన కొలత ఉంటుంది. అసలు విలువ ఈలోగా మారిపోతూ ఉంటుంది. ఈ రెండిటి తేడా పెరిగే కొద్దీ లియాపునోవ్ ఫంక్షన్ తగ్గుదల మందగిస్తుంది. ఆ తగ్గుదల ఆగిపోయేలోగా కొత్త కొలత పంపేయాలి. అదే ట్రిగర్.

పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు మనం చేసేది ఇదే కదా! నిమిషానికోసారి గడియారం చూసి వంటింట్లోకి పరుగెత్తడం ఒక పద్ధతి. పొంగు అంచుకు వస్తున్నప్పుడు చేయి వేయడం ఇంకో పద్ధతి. రెండోదాంట్లో పని తగ్గుతుంది. కాకపోతే అంచు ఎక్కడో ముందే తేల్చుకోవాలి.

ఆ అంచు దగ్గరే అసలు ప్రమాదం పొంచి ఉంది. తేడా ప్రస్తుత ఎక్స్‌లో పదో వంతు దాటితే కొలత పంపాలని రూల్ పెట్టామనుకోండి. డ్రోన్ 10 మీటర్ల దూరంలో ఉంటే 1 మీటరు తేడా దాకా ఓర్చుకుంటాం. 1 మీటరు దూరంలో ఉంటే 10 సెంటీమీటర్లు. 1 సెంటీమీటరు దూరంలో ఉంటే 1 మిల్లీమీటరే! గాలి లేకపోతే ఇబ్బంది రాదు. గాలి ఉంటే ఆ మిల్లీమీటరు రెప్పపాటులో దాటిపోతుంది. గమ్యానికి దగ్గరయ్యే కొద్దీ మెసేజ్‌ల మీద మెసేజ్‌లు వచ్చిపడతాయి. పరిమిత కాలంలో అనంతమైన ట్రిగర్లు పడే పరిస్థితిని జీనో ప్రవర్తన అంటారు. పేరు ప్రాచీన గ్రీకు తాత్వికుడు జీనోది. చానల్ ఆదా చేద్దామని మొదలుపెట్టిన పద్ధతి చానల్‌నే ముంచేస్తుందన్నమాట.

దీనికి ఒక మామూలు మందు ఉంది. పదో వంతుకు ఒక స్థిరమైన అంకెను కూడా కలపాలి. ఉదాహరణకు 5 సెంటీమీటర్లు. అప్పుడు ఓర్పు ఎప్పటికీ సున్నా కాదు. గాలి తోపుకు ఓ హద్దు ఉన్నంతకాలం రెండు మెసేజ్‌ల మధ్య కనీస విరామం దొరుకుతుంది. బదులుగా ఇచ్చుకునేది కాస్త కచ్చితత్వం. పట్టీ కొంచెం వెడల్పు అవుతుంది. ఎంత వెడల్పన్నది మళ్లీ లియాపునోవ్ ఫంక్షన్‌తోనే లెక్కగడతారు.

డేటా సైన్స్‌లోనూ ఆయనే

లియాపునోవ్ ఖార్కివ్‌లో 17 ఏళ్లు ఉన్నారు. 1893లో పూర్తిస్థాయి ప్రొఫెసరయ్యారు. అక్కడే 1900, 1901ల్లో సెంట్రల్ లిమిట్ థీరమ్‌కు బలమైన రుజువు ఇచ్చారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో చిన్న చిన్న ప్రభావాలు కలిస్తే మొత్తం గంట ఆకారపు కర్వ్‌కు దగ్గరవుతుందని చెప్పే సిద్ధాంతమిది. అవన్నీ ఒకే రకంగా ఉండనక్కర్లేదని, ఏ షరతు మీద ఇది నిలుస్తుందో చూపించారు. పుస్తకాల్లో లియాపునోవ్ కండిషన్ అని ఉండేది అదే. డేటా సైన్స్ ఇంటర్వ్యూలో శాంపిల్ యావరేజ్ మీద, ఏ-బీ టెస్టింగ్ మీద అడిగే ప్రశ్నల వెనుక ఉన్నది ఈ థీరమే. కోర్ వైపు వెళ్లినా, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లినా ఆయన దారిలో తగులుతూనే ఉంటారు.

ఇరవై ఏళ్ల తర్వాత పాత లెక్క

1901లో రష్యా సైన్స్ అకాడమీ లియాపునోవ్‌ను సభ్యుడిగా ఎన్నుకుంది. 1894లో చెబిషెవ్ చనిపోయాక ఖాళీగా ఉన్న స్థానం అది. 1902లో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరారు. పాఠాలు చెప్పే బాధ్యత లేదు, సమయం మొత్తం తనదే. గురువు కుర్చీలో కూర్చున్న శిష్యుడు చేసిన మొదటి పని, ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట పక్కన పెట్టిన ఆ ద్రవపు ముద్ద లెక్కను మళ్లీ తెరవడం.

ఈసారి ఆగలేదు. ఎలిప్సాయిడ్‌కు దగ్గరగా కొత్త ఆకారాలు ఉన్నాయని పూర్తి రుజువుతో చూపించారు. 1906 నుంచి 1914 వరకు నాలుగు భాగాలుగా ఫ్రెంచ్‌లో ప్రచురించారు. ఈ క్రమంలోనే ఓ పెద్ద వివాదంలో నిలబడాల్సి వచ్చింది. ఆ కొత్త ఆకారాల్లో ఒకటి బేరిపండులా ఉంటుంది. అది స్థిరంగానే ఉంటుందని ఇంగ్లండ్‌లో జార్జ్ డార్విన్ లెక్కగట్టారు. పరిణామ సిద్ధాంతం ఇచ్చిన చార్లెస్ డార్విన్ కొడుకు ఈయన. లియాపునోవ్ లెక్క మాత్రం అది నిలవదని తేల్చింది. అవతల ఉన్నది పెద్ద పేరు, పెద్ద దేశం. లియాపునోవ్ తన రుజువు మీదే నిలబడ్డారు. 1917లో ఇంగ్లండ్‌కే చెందిన జేమ్స్ జీన్స్ లెక్కను మళ్లీ చేసి చూశారు. లియాపునోవ్ చెప్పిందే నిజమని తేలింది.

చివరి రోజులు

నటాలియాకు క్షయ. ఆమె ఆరోగ్యం కోసం 1917 వేసవిలో ఇద్దరూ ఒడెస్సా వెళ్లారు. తమ్ముడు బోరిస్ అక్కడే ప్రొఫెసర్. ఆ ఏడాదే విప్లవం వచ్చింది, తర్వాత అంతర్యుద్ధం. కంటి శుక్లాలతో లియాపునోవ్ చూపు మందగిస్తోంది. ఆ పరిస్థితిలోనూ 1918లో ఒడెస్సా యూనివర్సిటీలో ఖగోళ వస్తువుల ఆకారాల మీద పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అక్టోబర్ 31న నటాలియా కన్నుమూసింది. చిన్ననాటి నుంచి తోడున్న మనిషి. ఆ దుఃఖాన్ని ఆయన తట్టుకోలేకపోయారు. ప్రాణం తీసుకునే ప్రయత్నం చేసి, నవంబర్ 3న మరణించారు. వయసు 61.

ఆ రోజుల్లో అలాంటి బాధకు వైద్యం లేదు, చెప్పుకునే చోటూ లేదు. ఇప్పుడు ఉన్నాయి. ఉద్యోగం రాలేదన్న దిగులైనా, ఆప్తుల్ని పోగొట్టుకున్న బాధైనా ఒంటరిగా మోయకండి. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

థీసిస్ ప్రయాణం

ఆయన వెళ్లిపోయేనాటికి స్టెబిలిటీ థీసిస్‌ను ఇంజినీర్లు పెద్దగా ఎరగరు. 1907లో ఫ్రెంచ్ అనువాదం వచ్చినా గణితజ్ఞుల మధ్యే ఉండిపోయింది. 1930లలో కజాన్‌లో చెతాయెవ్, ఆయన బృందం విమానాల నిలకడ లెక్కల కోసం దాన్ని బయటికి తీశారు. లియాపునోవ్ తండ్రి ఒకప్పుడు నక్షత్రాలు చూసిన ఊరు అది. 1940లలో లూరీ ఆటోమేటిక్ కంట్రోల్‌కు వాడారు. 1960లో కల్మన్, బెర్‌ట్రామ్ రాసిన పేపర్లతో అమెరికా ఇంజినీర్లకు పరిచయమైంది. ఫిల్టర్ పేరుతో మనకు తెలిసిన కల్మనే ఈయన. పూర్తి ఇంగ్లిష్ అనువాదం 1992లో, అంటే సరిగ్గా నూరేళ్లకు వచ్చింది.

ఈ కథలో మన గడ్డకూ చోటుంది. గుంటూరులో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్ 1978లో రాసిన నాన్‌లీనియర్ సిస్టమ్స్ అనాలిసిస్ ఈ సబ్జెక్టులో ప్రపంచవ్యాప్తంగా వాడే పుస్తకాల్లో ఒకటి. అందులో లియాపునోవ్ స్టెబిలిటీకి ఓ అధ్యాయమే ఉంది. ఆయన తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో పాఠాలు చెప్పారు. 2012లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలి?

గేట్ రాసే ఈఈ, ఈసీ, ఇన్‌స్ట్రుమెంటేషన్ విద్యార్థులకు కంట్రోల్ సిస్టమ్స్ ఎలాగూ సిలబస్‌లో ఉంది. రౌత్ టేబుల్, బోడె ప్లాట్, స్టేట్ స్పేస్ గట్టిపడ్డాక ఒక్క అడుగు ముందుకు వేయండి. పైన చెప్పిన డ్రోన్ లెక్కను పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో సిమ్యులేట్ చేయండి. యాభై లైన్ల కోడ్ కూడా అవదు.

ముందు ప్రతి 0.01 సెకనుకు కొలత పంపండి. తర్వాత పదో వంతు రూల్‌తో ట్రిగర్ పెట్టండి. ఆ తర్వాత స్థిరమైన అంకె కలిపి చూడండి. మూడింట్లోనూ ఎన్ని మెసేజ్‌లు వెళ్లాయో, ఎక్స్ ఎంత పట్టీలో ఆగిందో టేబుల్ వేయండి. గాలిని ఓసారి సైన్ వేవ్‌లా, ఓసారి ర్యాండమ్‌గా మార్చి చూడండి. వెనక్కి లాగే రెట్టును 1, 2, 3గా మార్చండి.

ఈ ఒక్క టేబుల్‌తో ఇంటర్వ్యూలో మాట్లాడటానికి పదిహేను నిమిషాల సరుకు దొరుకుతుంది. మెసేజ్‌లు ఎందుకు తగ్గాయి, కచ్చితత్వం ఎంత పోయింది, జీనో ఎక్కడ తలెత్తింది, దాన్ని ఎలా ఆపారు... నాలుగూ మీ సొంత మాటల్లో చెప్పగలిగితే చాలు. ప్రాజెక్టు కొనుక్కున్నవాడికీ, చేసినవాడికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇంకోమాట. క్యాంపస్‌లో వచ్చే ఉద్యోగం ఏదో, రెండేళ్ల తర్వాత మార్కెట్ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ దారినంతా ముందే లెక్కగట్టాలని కూర్చుంటే తేలదు. నిన్నటికన్నా ఇవాళ మీ సబ్జెక్టులో తెలియనిది కాస్తయినా తగ్గిందా లేదా అన్నది మాత్రం చూసుకోవచ్చు. తగ్గడం ఆగిందనిపించిన రోజు లేచి కూర్చోండి. ఇవాళ తేలని లెక్క ఉంటే నోట్‌బుక్‌లో భద్రంగా రాసిపెట్టుకోండి. లియాపునోవ్ తన లెక్క దగ్గరికి తిరిగి వెళ్లడానికి ఇరవై ఏళ్లు పట్టింది మరి.